శాకాహారుల యింట మార్జాలము

మన యిండ్లలో పిల్లి యుండుట క్రొత్త విషయము గాదు. వడ్లగాదెయు, పాలయుట్టియు నున్నంతకాలము పిల్లి మన గృహములకు పిలువని చుట్టమే. ఎలుకలను పట్టుట దాని పని. దాని కంటబడకుండ పాలు దాచుకొనుట మన పని. దానికి వేరుగా భోజనము పెట్టవలెనను తలంపు పెద్దలకు గలుగలేదు. కలుగవలసిన యవసరమును లేకుండెను. అది తన తిండిని తానే సంపాదించుకొనుచుండెడిది. ఇప్పుడట్లు గాదు. గాదెలు పోయినవి, ఉట్లు పోయినవి, శాపము పెట్టుదమన్న పిల్లికిని ఉట్టి లేకపోయినది. పిల్లలు వీధిలోనుండి కూనను దెచ్చి యొడిలో బెట్టుకొందురు. పిమ్మట అది తలుపుల లోపలనే పెరుగును. తలుపుల లోపల పెరుగు ప్రాణికి తలుపుల లోపలివారే అన్నము పెట్టవలయును గదా! ఏమి పెట్టవలయును, ఎంత పెట్టవలయును అని పేరంటములకు వచ్చు సోదరీమణులు మమ్ము తఱచుగా నడుగుచున్నారు గాన మాకు దెలిసినంతవఱకు వ్రాయుచున్నాము.

ముందుగా మాయింటి సంగతి చెప్పవలయును. లేనిచో మేము పడిన చిక్కు తెలియదు. మా కాపురము గోదావరి కాలువగట్టున నొక చిన్న యూర. మావారు ఉన్నత పాఠశాలయందు గణితోపాధ్యాయులు. మాంసము, చేప, గ్రుడ్డు – ఈ మూడును మా గడప దాటి లోపలికి వచ్చిన దినము మూడు తరములుగా లేదు. మా అత్తగారు డెబ్బదియేండ్లు దాటినను నేటికిని మడిగట్టుకొనియే వంటయింట నడుగిడుదురు. అట్టి యింటికి నిరుడు శ్రావణమాసమున, వానలో తడిసి, మా చిన్నమ్మాయి పరికిణీ చెఱగున చుట్టుకొని, ఐదు నెలల ఆడ పిల్లికూన యొకటి వచ్చినది. బూడిదవన్నె మేను, తెల్లని పాదములు. మంజరియని పేరు పెట్టితిమి.

మఱునాడే దానిని మండలకేంద్రమునందలి పశువైద్యశాలకు గొనిపోయితిమి. టీకా వేయుచు వైద్యురాలు, "ఇంట్లో ఏముంటాయమ్మా దీనికి పెట్టడానికి?" అని యడిగిరి. పాలు, పెరుగన్నము, నెయ్యి కలిపిన పప్పన్నము – ఉన్నవి చెప్పితిమి. ఆమె సూదిని ప్రక్కన బెట్టి, "అవన్నీ మంచివే, మనుషులకు. వాటితో ఇది కొన్నాళ్ళు బతుకుతుంది. తర్వాత కళ్ళు పోవచ్చు, గుండె చెడవచ్చు" అనిరి.

పెంచుకొందమని తెచ్చిన దాని కన్నులు మన చేతి యన్నముననే పోవుననిన నెవరికి మనస్సు నిలుచును? కారణము నడిగి తెలిసికొంటిమి. పిమ్మట మావారు సంపాదించి తెచ్చిన పుస్తకములలోను చదివితిమి. విషయమిది.

మన శరీరము ధాన్యములనుండి, శాకములనుండి తనకు వలసిన ద్రవ్యములను పెక్కింటిని తానే కూర్చుకొనగలదు. కుక్కయు చాలవఱకట్లే. పిల్లి మాత్రము కూర్చుకొనలేదు. దాని పూర్వులు లెక్కలేనన్ని తరములు మాంసమే తిని బ్రతికినవి. సిద్ధాన్నము దొరకువాడు వంట నేర్వనట్లు, మాంసములో సిద్ధముగా దొరకు ద్రవ్యములను మరల వండుకొను నేర్పు దాని శరీరమునకు లేకపోయినది. క్యారెట్టులో, గుమ్మడిపండులో నుండు నారింజవన్నె పదార్థమును మనము ఏ విటమినుగా మార్చుకొందుము; పిల్లికది చేతగాదు, ఏ విటమిను జంతువులనుండియే రావలెను. అన్నిటికంటె ముఖ్యమైనది టారిన్ అనునొక ద్రవ్యము. 1827వ సంవత్సరమున టీడెమన్, గ్మెలిన్ అను జర్మను పండితులిరువురు దీనిని మొదట ఎద్దు పిత్తమునుండి తీసిరి. లాటినుభాషలో ఎద్దునకు గల పేరే దీనికి వచ్చినది. 1975లో హేయిస్ మొదలగు అమెరికా శాస్త్రజ్ఞులు టారిన్ లేని యాహారము తిన్న పిల్లులకు కంటిలోని రెటీనాపొర క్షీణించుచున్నదని ప్రకటించిరి. 1987లో పాల్ పయన్ మొదలగువారు గుండె కండరము బలహీనమై సాగిపోయిన పిల్లుల రక్తమున టారిన్ తగ్గియుండుటను కనుగొనిరి. టారిన్ నిచ్చిన పిమ్మట గుండె కోలుకొనుటను గూడ చూచిరి. వింతయేమనగా, ఆ పిల్లులు తినుచుండినది అంగడిలో కొన్న పిల్లియాహారమే. తయారుచేయువారు దానిలో టారిన్ పాలు పెంచినది పిమ్మటనే. గుండె కోలుకొనవచ్చును గాని, క్షీణించిన రెటీనా మాత్రము మరల రాదు.

ఎండు ఆహారమున నూటికి పదోవంతు పాలు టారిన్ – అనగా వంద గ్రాములకు గ్రాములో పదోవంతు – కనీసముగా నుండవలెనని అమెరికాదేశపు పశుదాణా అధికారుల సంఘమువారి నియమము. మా మంజరి దినమునకు తిను 50 గ్రాములకు లెక్కవేయగా 50 మిల్లీగ్రాములైనది. రెండు మూడు బియ్యపుగింజల తూకము! ఆ రెండు గింజల తూకము ఆవుపాలలో గాని, పెరుగున గాని చాలినంత దొరకదు; బియ్యమున, పప్పున లేనేలేదు. గ్రుడ్డులో సయితము అది అత్యల్పమే. కావున "గ్రుడ్డు పెట్టుచున్నాము గదా" యని ధైర్యము చెప్పుకొను శాకాహారులకును అది యాధారము గాదు.

మాకు చిన్నతనమున తండ్రిగారు అమరకోశము వల్లెవేయించిరి. అందు పిల్లికి గల పేర్లలో మార్జాల మొకటి, ఆఖుభుక్కు ఒకటి, వృషదంశక మొకటి. ఆఖువనగా ఎలుక, దానిని భుజించునది ఆఖుభుక్కు. వృషదంశకమున గల వృషమునకును వ్యాఖ్యాతలు ఎలుకయనియే యర్థము చెప్పిరి. ఎద్దు పేరు గల టారిన్ దానికి వలయుట తలచుకొన్నపుడు మాకు నవ్వు వచ్చినది గాని, అది మాటల చమత్కారమే. గమనింపదగినదేమనగా, నిఘంటువు దానికి పేరు పెట్టినపుడే దాని భోజనమును చెప్పినది. పాలు త్రాగునది యని యొక్క పేరును దానికి బెట్టలేదు.

ఇక చిక్కు మొదలైనది. పిల్లిని ఎవరికైన నిచ్చివేయుద మనుట యొక మార్గము. ఆ మాట వినగానే చిన్నమ్మాయి అన్నము మానినది. పొరుగింటి వదినగారు మాంసాహారులు. ఆ నాలుగు దినములు వారే దయతో దానికి తమ యింట తిండి పెట్టిరి. ఎల్లకాలమును తామే పెట్టెద మనిరి. అట్లు చేసినచో మా గిన్నెలకు మైల యంటదు, నిజమే. కాని మా పిల్లి మాంసము తినకపోవునా? చేయవలసినదానిని ప్రక్కయింటివారిచేత చేయించి చేతులు కడుగుకొనుటలో గల శుచి యేపాటిదో మాకు బోధపడలేదు. మాంసము లేక, కృత్రిమముగా చేసిన టారిన్ కలిపిన పిల్లియాహారములును లోకమున నున్నవి. మావారు వాని మాట యెత్తగా, ఎదుగుచున్న కూనపై అట్టి పరీక్షలు వలదని వైద్యురాలు ఖండితముగా చెప్పిరి.

మా అత్తగారితో చెప్పుటకు మేము జంకితిమి. చెప్పక తప్పదు గాన సాయంకాలము వారు వత్తులు చేసికొనుచుండగా నున్నదున్నట్లు విన్నవించితిమి. వారు, "కళ్ళు పోతాయన్నదా ఆవిడ?" అని యొక్క ప్రశ్న మాత్రమడిగి యూరకుండిరి. ఆ రాత్రి మఱి మాట లేదు. మఱునాటి యుదయమున తులసికోట చుట్టు ప్రదక్షిణములు ముగించి, తడిచీర కొంగు పిండుకొనుచు మమ్ము పిలిచిరి.

"అమ్మాయీ, దీర్ఘకర్ణం కథ చదివావుగా?"

"చదివానత్తయ్యగారూ."

"మాంసం మానేశాను, చాంద్రాయణవ్రతం చేస్తున్నాను అని ముసలి గద్దను నమ్మించిందే, ఆ పిల్లి చివరికి ఏం చేసింది?"

"చెట్టు మీది పక్షిపిల్లల్ని తినేసింది."

"తన నోటితో తాను చెప్పుకున్న వ్రతమే అబద్ధమైంది. దాని తరఫున మనమెందుకు పట్టాలి వ్రతం? వెనక వసారాలో పెట్టు. గిన్నె వేరు, చెంచా వేరు, కడిగే తొట్టి వేరు. నా మడి నాది, దాని కడుపు దానిది."

హితోపదేశమును మేమును చదివితిమి, పంచతంత్రమును చదివితిమి. ఆ కథలో కపటమునే గాని యింతటి న్యాయమును మేము చూడలేదు. వ్రతమును పట్టువారు తమంతట తాము పట్టవలెను. నోరులేని దానిచేత పట్టించినచో అది వ్రతమెట్లగును? ఆకలి యగును.

నాటినుండి వెనుకవసారాలో మూతగల డబ్బాయొకటి వచ్చినది. అందు గోధుమవన్నె గుళికలు. చూచిన యాడువారు కొందఱు, "ఇది మాంసంలా లేదే, వడియాల్లా ఉంది, దోషం లేదులెండి" యని మమ్ము నోదార్తురు. ఆ యోదార్పు మాకు వలదు. అందున్నది కోడియే, చేపయే. రూపు మాఱినంతమాత్రమున వస్తువు మాఱదు. తెలిసియే తెచ్చితిమి, తెలిసియే పెట్టుచున్నాము.

సంచిని కొనుటలో గొంత తెలివిడి వలయును. పైని బొమ్మను చూచి కొనరాదు. వెనుకనున్న చిన్న యక్షరములను చదువవలెను. అది పిల్లికి సంపూర్ణాహారమని వ్రాసియుండవలెను. కొన్ని కేవలము చిఱుతిండ్లు. వానిని భోజనముగా పెట్టరాదు. ఎదుగు కూనలకా, ఎదిగిన పిల్లులకా యనునది చూడవలెను. ముందు చెప్పిన సంఘమువారి లెక్కలో, తేమ తీసివేసిన యాహారమున మాంసకృత్తులు ఎదుగుదానికి నూటికి 30 పాళ్ళకు, ఎదిగినదానికి 26 పాళ్ళకు తగ్గరాదు. టారిన్ పేరు కనబడవలెను. కుక్కకు తెచ్చినది పిల్లికి పనికిరాదు. కుక్క తన టారిన్ ను సాధారణముగా తానే చేసికొనును గాన దాని యాహారమున నది చాలినంత కలుపవలెనను నియమము లేదు. ఉపాధ్యాయుని జీతమునకు ఈ సంచి భారమే యని యొప్పుకొందుము. నెలసరి పద్దులో దానికొక వరుస వ్రాసి, పట్టుచీర యాలోచన నొకదానిని కొట్టివేసితిమి.

విజయదశమి వెళ్ళిన వారమున, మంజరికి ఏడవ నెల నడచుచుండగా, పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించితిమి. దీనిని గూర్చి మాకు దోషము నంటగట్టినవారును గలరు. రెండు నెలల గర్భము, ఈతకు నాలుగైదు కూనలు, ఏడాదికి రెండు మూడీతలు – ఆ కూనలన్నిటి కన్నులను ఎవరు కాపాడుదురని యడిగితిమి, వారు మాటాడలేదు. అంతతో ఆ ప్రసంగము చాలు.

శస్త్రచికిత్స యైన పిల్లికి భోజన విషయమున నొక విచిత్రమగు మార్పు వచ్చును. అండకోశములు తీసివేయుటచే శరీరము ఖర్చుపెట్టు శక్తి తగ్గును. సుమారు నాలుగవ వంతు తగ్గునని చెప్పుదురు. ఆకలియో, తగ్గుటకు మాఱు పెరుగును. ఆదాయము తగ్గినపుడే ఖర్చుపై మనసు పుట్టినట్లు! కొన్ని వారములలోనే క్రొవ్వు పట్టుట కారంభమగును. చిన్నవయసు దానికి మఱియొక మెలిక గలదు. అది యింకను ఎదుగుచున్నది. ఏడాది నిండువఱకు ఎముకలకు, కండకు వలసినదంతయు నందవలెను. కావున ఆహారము సారము గలదిగా, కూనల యాహారముగానే యుండవలెను. కొలత మాత్రము తగ్గవలెను. సారము తగ్గించి కడుపు నింపుట గాని, సారమున్నదని కొలత మఱచుట గాని రెండును తగవు.

మంజరి యప్పుడు రెండున్నర కిలోలు. శస్త్రచికిత్సకు పూర్వము దినమునకు 60 గ్రాములు పెట్టుచుండగా, పిమ్మట 50 గ్రాములు చేయుడని వైద్యురాలు చెప్పిరి. మా యింట ఊరగాయలకు కారము తూచు చిన్న త్రాసున్నది. ఉదయమే ఆనాటి 50 గ్రాములను తూచి యొక చిన్న డబ్బాలో పోసి, దానినే నాలుగు పర్యాయములుగా పెట్టుదుము. డబ్బా యడుగు కనబడినచో ఆనాటికి సరి. పిల్లి మనవలె రెండుపూటల భోజనము చేయు జంతువు గాదు. ఎలుక యొకటికి సుమారు 30 కాలరీలు; బయట వేటాడి తిను పిల్లి అట్టి చిన్న భోజనములను దినమునకు పదివఱకు చేయును. కావున కొంచెము కొంచెముగా పెక్కుమార్లు పెట్టుట దాని స్వభావమునకు తగియుండును.

ఇంతవఱకు సక్రమముగానే జరిగినది. మార్గశిరమాసమున మంజరి ప్రక్కటెముకలు వ్రేళ్ళకు తగులుట తగ్గినది. పిల్లి సరియైన మేనిలో నున్నదో లేదో తెలిసికొనుటకు త్రాసుకంటె చేయి మేలు. రెండు ప్రక్కల నరచేతులు మెల్లగా నుంచినచో పలుచని దుప్పటి క్రింద నున్నట్లు ఎముకలు తగులవలెను, పైనుండి చూచినచో నడుము కొంచెము సన్నగిల్లి కనబడవలెను. మంజరి నడుము సొరకాయవలె నున్నది. డబ్బాలో తూకము తప్పలేదు. తిండి మఱి యెక్కడనుండి వచ్చుచున్నది?

మూడవనాటి రాత్రి దొంగ దొరికినారు. వారు మా గణితోపాధ్యాయులే! భోజనానంతరము చేయి కడుగుకొనుటకు పెరటిలోనికి పోవుచు, మీగడపెరుగు కలిపిన అన్నపుముద్ద యొకటి దినదినమును మెట్టుమీద నుంచుచున్నారు. "అది కళ్ళప్పగించి చూస్తూంటే నాకు ముద్ద దిగడం లేదు" అని వారి సమాధానము. మా అత్తగారు, "చిన్నప్పుడు వీడూ ఇంతే. వీధికుక్కలన్నీ వీడి వెనకే బడికి పోయేవి" అని నవ్విరి.

మేము కోపపడలేదు. లెక్క వారి యెదుట బెట్టితిమి. లెక్కకు వారు లోబడుదురని మే మెఱుగుదుము. మూడు కిలోల పిల్లికి, శస్త్రచికిత్స యైనదానికి, దినమునకు వలసినది 180 మొదలు 200 కాలరీల వఱకు. చిన్నచెంచాడు నెయ్యి 45 కాలరీలు: అనగా దాని దినభోజనమున నాలుగవ వంతునకు కొంచెము తక్కువ. వంద మిల్లీలీటర్ల గేదెపాలు సుమారు వంద కాలరీలు: సగము దినపు తిండి. ఉడికించిన గ్రుడ్డొకటి 70 కాలరీలకు పైమాటే: మూడవ వంతు. మనకు వలసిన దానిలో పిల్లికి వలసినది తొమ్మిదవ వంతో, పదవ వంతో. దానికి పెట్టిన చెంచాడు నెయ్యి మన విస్తరిలో తొమ్మిది చెంచాల నెయ్యితో సమానము. మావారు కాగితము తీసికొని మరల గుణించి చూచుకొనిరి. సంపూర్ణాహారము గాక, ముద్దుకు పెట్టునదంతయు కలిపి దినపు కాలరీలలో పదవ వంతు మించరాదని వైద్యుల మాట. అనగా 20 కాలరీలు. ఆ యిరువదిలో మీగడముద్ద పట్టదు. ఇప్పుడు వారు రాత్రి భోజనమైన పిమ్మట, డబ్బాలో మిగిల్చి యుంచిన గుళికలలో నాలుగింటిని తీసి ఒకటొకటిగా వసారాలో దొర్లించుదురు. మంజరి పరుగెత్తి పట్టుకొనును. ఇరువురికిని తృప్తియే.

పిల్లలకును ఇదే లెక్క చెప్పితిమి. వారికి బిస్కట్లు, పాయసము దానికి రుచి చూపవలెనని యుబలాటము. పిల్లి నాలుకకు తీపి తెలియదు! తీపిని గుర్తించు జన్యువులలో నొకటి పిల్లిజాతియందు చెడిపోయి యున్నదని 2005లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పాయసపు గిన్నె చెంతకు అది వచ్చుట పాలకొవ్వు వాసనకే గాని బెల్లమునకు గాదు. ఈ సంగతి విన్ననాటినుండి మా పెద్దవాడు తన పాయసమును తానే నిశ్చింతగా తినుచున్నాడు.

పాలను గూర్చి మఱియొక మాట. పిల్లికి పాలే ప్రాణమని మనలో గట్టి నమ్మకము. తల్లిపాలు మానిన పిమ్మట పెక్కు పిల్లులకు పాలలోని చక్కెరను జీర్ణించుకొను శక్తి తగ్గిపోవును. పాలు పోసినచో విరేచనములగును. తెనాలి రామకృష్ణుని పిల్లి కాగినపాలకు మూతి కాలి, పాలగిన్నెను చూచి పరుగెత్తినదని కథ. ఆ పిల్లి దురదృష్టమును జూచి యందఱును నవ్వుదురు గాని, దాని కడుపునకు మాత్రము మేలే జరిగినదేమో!

మాంసము వండుకొను సోదరీమణులకు చిక్కులు తక్కువయని యనుకొనవలదు. కూరలోని ముక్కను పిల్లికి వేయుదురు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి నెత్తుటిలోని యెఱ్ఱకణములను పాడుచేయును. పచ్చిదైనను, వేపినదైనను, పొడియైనను దోషమే. మన కూరలలో ఉల్లి లేని కూర యెన్ని? కావున ఉప్పు, కారము, ఉల్లి తగులక ముందే తీసిన యుడికిన ముక్క మాత్రమే పెట్టవలెను. ఒట్టి మాంసమే దినమంతయు పెట్టిన కూనలకు సున్నము చాలక ఎముకలు వంగిపోవును; అడవిలో పిల్లి ఎలుకను ఎముకలతో గూడ తినును గాని కండ మాత్రమే యేరుకొనదు. కాలేయము పిల్లికి మిక్కిలి యిష్టము. ప్రతిదినము పెట్టినచో ఏ విటమిను మితిమీఱి మెడయెముకలు అతుకుకొని బిగిసిపోవును. పచ్చిచేపలు కొన్నింటిలో బి1 విటమినును నశింపజేయు గుణము గలదు. ఉడికిన చేపముల్లు గొంతున దిగబడును. ఎండుచేపలో ఉప్పెక్కువ. చేపలమ్మ బుట్ట దించగానే తల యొకటి విసరుట మాయూర నాచారము. ఆమె ప్రేమను కాదనము, ఆ తలను మాత్రము మంజరికి దొరకనీయము.

నీటి సంగతి యంత చిన్నది గాదు. పిల్లి పూర్వులు ఆఫ్రికా, పశ్చిమాసియా యెడారి ప్రాంతములందలి యడవిపిల్లులు. తినిన యెలుకలోనే మూడింట రెండు వంతులకు పైగా నీరుండును గాన వేరుగా నీరు త్రాగు నలవాటు దానికి తక్కువ. ఎండు గుళికలలో నీరు నూటికి పదిపాళ్ళే. అందుచేత మేము గుళికలను కొంచెము గోరువెచ్చని నీటిలో నానవైచి పెట్టుదుము. వేసవిలో నానినది అరగంటకు మించి యుంచము, పులియును. నీటిగిన్నెను తిండిగిన్నె ప్రక్కన గాక వసారా రెండవ చివర నుంచితిమి. అచ్చటనే యది యెక్కువగా త్రాగుచున్నది. ఎందుకో దానికే యెఱుక.

ఇంకొక సంగతి తప్పక చెప్పవలయును. పిల్లి లావెక్కినదని లంఖణములు పెట్టరాదు. మా అత్తగారు ఏకాదశినాడు ఉపవసింతురు. ద్వాదశి పారణతో వారికి బలము వచ్చును. లావెక్కిన పిల్లి రెండు మూడు దినములు తినకపోయినచో ఒంటిలోని క్రొవ్వంతయు కదలి కాలేయమున చేరి దానిని పనిచేయనీయదు, ప్రాణాపాయమగును. తగ్గింపవలసినచో వైద్యుని యడిగి వారములకొలది కొంచెము కొంచెముగా తగ్గింపవలెను. పిల్లి తనంతట తానే ఒక పూర్తి దినము గిన్నె ముట్టకపోయినను అలుకయని యూరకుండక వైద్యునికి చూపవలెను. మార్గశిరమున పెరిగిన క్రొవ్వును మంజరి వదలుటకు ఫాల్గుణము దాక పట్టినది; దొంగముద్ద మానుట, గుళికల వెంట పరుగెత్తుట తప్ప వేఱు చికిత్స చేయలేదు.

ఇప్పుడు మంజరికి ఏడాది దాటినది. కూనల యాహారమునుండి ఎదిగినదాని యాహారమునకు పది దినములలో క్రమముగా మార్చితిమి: మొదట నాలుగవ వంతు క్రొత్తది, పిమ్మట సగము, పిమ్మట ముప్పాతిక. ఒక్కమాఱుగా మార్చినచో కడుపు చెడును. బరువు మూడు కిలోల రెండువందల గ్రాములు. ప్రతి ఆదివారమును చిన్నమ్మాయి దానిని సంచిలో కూర్చుండబెట్టి తూచి, తండ్రి యిచ్చిన హాజరుపట్టీవంటి పుస్తకమున వ్రాయును. మా అత్తగారు వసారా వైపు ఇంకను తొంగిచూడరు గాని, సాయంకాలము ఆఱు గంటలైనచో వంటయింటినుండియే, "దానికి పెట్టారా?" అని కేకవేయుదురు.

ఎదురువీధి పిన్నిగారి యింట నొక కూన వచ్చినదట. వారును శాకాహారులే. నిన్న వారి యమ్మాయి వచ్చి త్రాసు ఎరువడిగినది. సంచి వెనుక చూడవలసిన మాటలను చీటీపై వ్రాసి యిచ్చి, త్రాసును పంపితిమి. ఆదివారమునకు మాత్రము మరల తెచ్చి యిమ్మంటిమి.